చదువు చివరి ఏడాదిలోనే సొంత బతుకు చేతికి తీసుకోవడం: హైదరాబాదు విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

ఉద్యోగంలో చేరిన రోజు నుంచే తాము పెద్దవాళ్లమవుతామని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. నిజానికి ఆ రోజు చేతిలో ఉండేది ఒక ఆఫర్ లెటరూ, ఒక గుర్తింపు కార్డూ మాత్రమే. అప్పటిదాకా ఫీజు గడువు గుర్తుపెట్టుకున్నది నాన్న, సర్టిఫికెట్లు బీరువాలో దాచింది అమ్మ, మూడు పూటలా తిండి సంగతి చూసింది మెస్సు, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లింది రూమ్మేటు, పొద్దున్నే లేవడానికి కారణం చూపింది కాలేజీ టైంటేబులు. ఈ పనులన్నీ ఒకే నెలలో ఒకే మనిషి మీద పడితే తెలివైనవాళ్లు కూడా తడబడతారు. అందుకే ఈ మార్గదర్శిలో చెప్పదలచుకున్నది ఒక్కటే: ఇన్నాళ్లూ ఇతరుల చేతుల్లో ఉన్న మీ పనులను, చివరి రెండు సెమిస్టర్ల నుంచే, ఒక్కొక్కటిగా మీ చేతుల్లోకి తీసుకోండి.

మొదట ఒక కాగితం తీసుకుని, మీ కోసం ఇతరులు చేస్తున్న పనులన్నీ రాసి, ఒక్కోదాని ఎదురుగా ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో రాయండి. నెలకు ఒకటో రెండో పనులు ఆ మనిషి దగ్గర కూర్చుని నేర్చుకోండి. కింద చెప్పినవి ఆ జాబితాలో సాధారణంగా కనిపించేవి. వరుస దాదాపుగా అవసరం పడే వరుసే.

కాలేజీ గేటు దాటకముందే కాగితాలు

క్యాంపస్‌లో ఉన్నప్పుడు ఒక పూటలో అయ్యే పని, బయటికొచ్చాక సెలవు పెట్టి రెండు మూడు సార్లు తిరిగినా తెమలదు. చివరి సెమిస్టరు పరీక్షలకు నెల ముందే నో డ్యూస్ ఫారం (బకాయిలు లేవన్న పత్రం) తీసుకుని లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్, అకౌంట్స్ విభాగాల సంతకాలు మొదలుపెట్టండి. తరువాత అడిగి తీసుకోవలసినవి: అన్ని సెమిస్టర్ల మార్కుల మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్, టీసీ, వేరే విశ్వవిద్యాలయంలో చేరబోతుంటే మైగ్రేషన్ సర్టిఫికెట్. ఒరిజినల్ డిగ్రీకి విడిగా దరఖాస్తు పెట్టాలి. స్నాతకోత్సవం దాకా ఆగాలా, ముందే ఇస్తారా అన్నది పరీక్షల విభాగంలో అడిగి తెలుసుకోండి. విదేశీ చదువు ఆలోచన ఏ మూల ఉన్నా ట్రాన్స్‌క్రిప్టులు (విశ్వవిద్యాలయం ఇచ్చే మార్కుల అధికారిక వివరపత్రాలు) రెండు మూడు సెట్లు అప్పుడే తీసుకోవడం మేలు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదన్న కారణంతో సర్టిఫికెట్లు ఆపే కాలేజీలు ఉన్నాయి. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోరాదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని ప్రస్తావిస్తూ ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద ఇన్వర్డ్ ముద్ర (అర్జీ అందినట్టు వేసే ముద్ర) వేయించుకోండి. నోటిమాటగా అడిగితే వచ్చే జవాబుకూ, ముద్ర పడిన అర్జీకి వచ్చే జవాబుకూ చాలా తేడా ఉంటుంది. పని తేలకపోతే అదే అర్జీని విశ్వవిద్యాలయానికి పంపవచ్చు.

పేరు సంగతి మరీ ముఖ్యం. మనలో చాలామందికి ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాన్‌లో పేరు తరువాత ఉంటుంది. ఈ తేడా పీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) ఖాతాలోనో పాస్‌పోర్టు దరఖాస్తులోనో అడ్డుపడినప్పుడు సరిదిద్దడానికి నెలలు పడుతుంది. ఎస్సెస్సీ మెమోలో ఉన్న పేరునూ పుట్టినతేదీనీ ప్రమాణంగా పెట్టుకుని, మిగిలినవన్నీ దానికి తగ్గట్టు చదువుకునే రోజుల్లోనే మార్పించండి. ప్రభుత్వ ఉద్యోగాల వైపు చూస్తున్న తెలంగాణ అభ్యర్థులు 1 నుంచి 7వ తరగతి వరకు చదివిన స్టడీ సర్టిఫికెట్లు కూడా తెచ్చిపెట్టుకోవాలి. స్థానికత తేల్చేది అవే, పైగా చిన్నప్పటి ప్రైవేటు బడి మూతపడి ఉంటే వాటి కోసం మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది. అన్నింటినీ స్కాన్ చేసి ఒక చోట దాచండి, డిజిలాకర్‌లో దొరికేవి అక్కడ తెచ్చుకోండి, ఒరిజినళ్లు మాత్రం హాస్టల్ గదిలో ఉంచకండి.

ఉద్యోగం వెతుక్కునే నెలల్లో

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ సంస్థలు ఎంతోమందికి నిజంగానే దారి చూపాయి. కోర్సులో చేరేముందు రెండు మూడు డెమో క్లాసులు విని, పాఠం చెప్పే మనిషి ఆ పని చేసినవాడో కాదో చూసి, ఫీజు ఒకేసారి కట్టకుండా వాయిదాల్లో కట్టండి. కానీ అదే వీధుల్లో రెండు ప్రమాదాలు ఉన్నాయి. మొదటిది బ్యాక్‌డోర్ ఉద్యోగం. లక్షో రెండు లక్షలో కడితే పేరున్న కంపెనీలో చేర్పిస్తామంటారు. కొన్ని నెలల పాటు జీతం లాంటిది కూడా ఇచ్చి ఆ తరువాత కనిపించకుండా పోయినవాళ్లున్నారు. ఉద్యోగం ఇస్తామంటూ డబ్బు అడిగినవాళ్లతో మాట అక్కడితో ముగించాలి. డబ్బు అప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు ఇవ్వండి. మొదటి గంటల్లో చెబితే ఖాతాలో సొమ్ము ఆపించే అవకాశం ఉంటుంది.

రెండోది దొంగ అనుభవ పత్రం. చేయని పనికి రెండేళ్లో మూడేళ్లో అనుభవం చూపించమని సలహా ఇచ్చేవాళ్లు స్నేహితుల్లోనే ఉంటారు. ఇప్పుడు కంపెనీలు అభ్యర్థి పీఎఫ్ చరిత్రను బట్టి ఎప్పుడు, ఎక్కడ పనిచేశాడో సరిచూస్తున్నాయి. చేరిన ఏడాదికి బయటపడినా ఉద్యోగం పోతుంది, ఆ మచ్చ తరువాతి ఉద్యోగం దాకా వెంట వస్తుంది. నైతికంగా తప్పన్నది ఎలాగూ ఉంది. లెక్క ప్రకారం చూసినా ఇది నష్టమే. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమనే యజమాని దగ్గర చేరడం కూడా అంతే అనర్థం.

జీతం అంకె, చేతికొచ్చే అంకె

ఆఫర్ లెటర్లో ఉండే ప్యాకేజీకీ, నెలాఖరున ఖాతాలో పడే సొమ్ముకూ మధ్య దూరం తెలియకపోవడం వల్లే మొదటి ఏడాది అప్పులు పుడతాయి. ఒక ఉదాహరణ చూద్దాం. ప్యాకేజీ ఏడాదికి 4 లక్షలు, అంటే నెలకు 33,333 రూపాయలు. మూల వేతనం 17,000 అనుకుందాం. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్‌ను పీఎఫ్ లెక్కకు పెట్టిన 15,000 వేతన పరిమితి మీద 12 శాతం చొప్పున 1,800 రూపాయలుగా ఈ ప్యాకేజీలోనే లెక్కిస్తుంది. గ్రాట్యుటీ (సర్వీసుకు గాను ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే సొమ్ము) పేరిట మూల వేతనంలో 4.81 శాతం, అంటే దాదాపు 818 రూపాయలు, అదీ ఇందులోనే ఉంటుంది. మిగిలిన 30,715లో మీ వాటా పీఎఫ్ 1,800, తెలంగాణ వృత్తి పన్ను 200 పోగా చేతికి 28,700 చిల్లర వస్తుంది. ప్యాకేజీలో పది శాతం వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే భాగం) అయితే అది నెలనెలా రాదు కాబట్టి 25,400 దగ్గర ఆగుతుంది. గదీ, బండీ, ఇంటికి పంపే సొమ్మూ ఈ చివరి అంకెను బట్టి నిర్ణయించుకోవాలి గానీ ప్యాకేజీని బట్టి కాదు.

పీఎఫ్‌కు యూఏఎన్ అనే నంబరు ఒక మనిషికి జీవితాంతం ఒకటే. ఉద్యోగం మారినప్పుడు పాత సొమ్మును కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోండి. అయిదేళ్ల సర్వీసు నిండకముందే తీసుకుంటే పన్ను పడుతుంది; అంతకన్నా పెద్ద నష్టం, ఇరవై మూడేళ్ల వయసులో మొదలైన పొదుపు ఇరవై అయిదుకే ఆగిపోవడం. ఆదాయపన్ను విషయంలో, 2025–26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో 12 లక్షల వరకు పన్ను విధించదగిన ఆదాయం మీద రిబేటు (పన్ను మాఫీ) ఉంది, జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలోంచి నేరుగా తగ్గించే మొత్తం) అదనం. కాబట్టి మొదటి ఉద్యోగంలో చాలామందికి పన్ను పడదు, అయినా రిటర్ను వేయండి. రేపు వీసాకో ఇంటి రుణానికో వెళ్లినప్పుడు మొదట అడిగేది ఆ రిటర్నులే.

మొదటి ఆరు నెలలు వేరే పెట్టుబడుల జోలికి పోకుండా మూడు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము విడి ఖాతాలో పోగుచేయడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఆఫీసులో ఎవరో చెప్పిన షేర్లు, ఫోన్‌లో దొరికే తక్షణ రుణాలు, క్రెడిట్ కార్డు మీద కనీస మొత్తం మాత్రమే కట్టడం, ఈ మూడింటినీ ఆ ఆరు నెలలూ దూరం పెట్టండి. మన దగ్గర చిట్టీలు వేసే అలవాటు ఎక్కువ. వేయాలనిపిస్తే 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద ఆ చిట్టీ నమోదైందో లేదో చూసి వేయండి. స్నేహితుడి అప్పుకు జామీను సంతకం చేయమంటే, ఆ అప్పు మీరే తీర్చగలరా అని ఆలోచించి, తీర్చలేకపోతే మర్యాదగా కాదనండి.

విద్యా రుణం ఉన్నవారు

కోర్సు కాలమూ, ఆ పైన ఏడాదీ సాధారణంగా వాయిదాలు కట్టక్కర్లేదు. కానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది, ఈ సంగతే చాలా ఇళ్లలో తెలియదు. 5 లక్షలు 10 శాతం వడ్డీకి మొదట్లోనే మొత్తం తీసుకున్నారనుకుంటే ఏడాదికి 50,000 వడ్డీ అవుతుంది. రెండేళ్ల ఎంటెక్, ఆ పైన ఏడాది కలిపి లక్షా 50 వేలు అసలులో కలిశాక ఏడేళ్ల వాయిదా నెలకు దాదాపు 10,800 పడుతుంది. వడ్డీ ఎప్పటికప్పుడు కట్టి ఉంటే అదే వాయిదా 8,300 దగ్గర ఉండేది. చదువుతుండగా నెలకు 4,000 చిల్లర కట్టడం అందరికీ సాధ్యం కాదు, అయినా కట్టగలిగినంత కట్టడం మేలు. చదువు కాలంలో వడ్డీ కట్టేవారికి వడ్డీ రేటులో కొంత తగ్గింపు ఇచ్చే బ్యాంకులున్నాయి, మీ శాఖలో అడగండి. రుణంలో నాన్నో అమ్మో సహ రుణగ్రహీతగా ఉంటారు కాబట్టి వాయిదా తప్పితే వాళ్ల క్రెడిట్ స్కోరు కూడా దెబ్బతింటుంది. ఉద్యోగం దొరకకముందే వాయిదాలు మొదలయ్యే పరిస్థితి కనిపిస్తే, మొదటి వాయిదా తప్పకముందే మేనేజరును కలిసి గడువు పొడిగింపు అడగాలి. తప్పాక అడిగితే ఆ మాటకు బలం ఉండదు.

గది, ఇల్లు

మొదటి మూడు నాలుగు నెలలు హాస్టల్లోనే ఉండడం తెలివైన పని. ప్రొబేషన్ ఎలా సాగుతుందో, ఆఫీసు ఏ చోటుకు మారుతుందో తెలియకుండా ఇల్లు తీసుకుంటే అడ్వాన్సు పోగొట్టుకుంటారు. ఎస్.ఆర్. నగర్, మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో చేరేటప్పుడు షేరింగ్ ఎందరికో అడిగినంత జాగ్రత్తగా, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో, అడ్వాన్సులో మెయింటెనెన్స్ పేరిట ఎంత పట్టుకుంటారో కూడా అడగండి.

ఇల్లు చూసేటప్పుడు టు-లెట్ బోర్డు ఉన్న వీధిలో ఒకసారి పగలు, ఒకసారి రాత్రి నడవండి. బ్యాచిలర్లకు ఇవ్వమని చాలామంది యజమానులు ముఖం మీదే చెబుతారు. దానికి బాధపడి అబద్ధం చెప్పి చేరడం కన్నా, ఎంతమంది ఉంటారో, ఎక్కడ పనిచేస్తారో ముందే చెప్పి చేరితే తరువాత గొడవ ఉండదు. అడగవలసిన మొదటి ప్రశ్న నీళ్లు. మంజీరా నీళ్లు వస్తాయా, ఎన్ని రోజులకోసారి, బోరు ఎండాకాలంలో ఆగుతుందా, ట్యాంకరు ఖర్చు మెయింటెనెన్సులో ఉందా విడిగానా అన్నది పై అంతస్తులో అద్దెకున్నవాళ్లను అడిగితే నిజం తెలుస్తుంది. కొండాపూర్, మణికొండ, నిజాంపేట వైపు మార్చి నుంచి జూన్ దాకా ఈ ఒక్క ఖర్చే బడ్జెట్టును తారుమారు చేయగలదు. కరెంటు మీటరు మీ వాటాకు విడిగా ఉండాలి. ఇద్దరికి ఒకే మీటరైతే యూనిట్లు కలిసి పై స్లాబులోకి పోతాయి.

అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాదికి మించిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి కాబట్టి. అందులో ఖాళీ చేసే గడువు, అద్దె ఎంత శాతం పెరుగుతుంది, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు ఖర్చు ఎవరిది, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అన్న నాలుగు మాటలు ఉండేట్టు చూసుకోండి. చేరే రోజునే గోడలు, కుళాయిలు, గీజరు ఫొటోలు తీసి యజమానికి వాట్సాప్‌లో పంపండి.

ఆఫీసుకు దగ్గరగా అద్దె ఎక్కువైతే మెట్రో దారి వెంట వెతకండి. మియాపూర్–ఎల్బీనగర్ దారిలో ఉన్నవాళ్లు అమీర్‌పేటలో మారి రాయదుర్గం చేరవచ్చు. తెలంగాణ చిరునామా ఉన్న అమ్మాయిలకు 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్ చిరునామాతో ఆధార్ ఉన్నవారికి ఇది వర్తించదు. ఇక వంట: అన్నం గదిలో వండుకుని కూర కర్రీ పాయింటులో తెచ్చుకోవడం ఈ నగరంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, అందులో తక్కువతనమేమీ లేదు. అయితే పప్పు, చారు, ఒక వేపుడు చేయడం సెలవుల్లో అమ్మ దగ్గర నిలబడి నేర్చుకురండి. ఆదివారం ఎర్రగడ్డ, మెహదీపట్నం, కూకట్‌పల్లి రైతుబజార్లలో వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకుంటే ఖర్చులో తేడా మీకే కనిపిస్తుంది.

పరిశోధనలో ఉన్నవారి సంగతి

హెచ్‌సీయూ (హైదరాబాద్ విశ్వవిద్యాలయం)లోనో, ఉస్మానియాలోనో, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లోనో, హబ్సిగూడ, తార్నాకల చుట్టూ ఉన్న పరిశోధన సంస్థల్లోనో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లది ప్రత్యేకమైన ఇబ్బంది. వయసు ముప్ఫైకి దగ్గర పడుతుంది, తోటివాళ్లు ఇల్లు కొని పిల్లల్ని బడిలో వేస్తుంటారు, చుట్టాలు మాత్రం ఇంకా చదువుతున్నావా అని అడుగుతారు. నెట్ అర్హత పరీక్ష ద్వారా వచ్చే యూజీసీ జేఆర్ఎఫ్ (తొలి ఏళ్ల ఫెలోషిప్పు) 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్ (ఆ తరువాతి ఏళ్లది) 42,000. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేకుండా చేరినవారికి వచ్చేది 8,000 మాత్రమే. ఫెలోషిప్పు ఉన్నా నెలనెలా సమయానికి పడుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. పాత బకాయిలు ఒక్కసారి పడినప్పుడు అది పండగ డబ్బు కాదని గుర్తుంచుకుని, రాబోయే ఎండు నెలల కోసం దాచండి. ఫెలోషిప్పుకు పీఎఫ్ ఉండదు కాబట్టి ఏడాదికి కనీసం 500తో నడిచే పీపీఎఫ్ అనే దీర్ఘకాల పొదుపు ఖాతా ఇప్పుడే తెరిస్తే దాని పదిహేనేళ్ల గడువు లెక్క ఇప్పటి నుంచే మొదలవుతుంది.

కాలం విషయంలో యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు తెలిసి ఉండాలి: కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, పునర్నమోదుతో మరో రెండేళ్లు; మహిళలకూ, 40 శాతం మించిన వైకల్యం ఉన్నవారికీ ఇంకో రెండేళ్ల సడలింపు. మహిళలకు మొత్తం పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చు. పెళ్లికీ పిల్లలకూ పరిశోధన ముగిసేదాకా ఆగాలన్న నియమం ఎక్కడా లేదు. గైడుతో జరిగిన ప్రతి సమావేశం తరువాత ఏం నిర్ణయించుకున్నారో నాలుగు వాక్యాల్లో మెయిల్ పంపే అలవాటు చేసుకోండి. గైడు మారినా, మాట మారినా మీకు ఆధారంగా నిలిచేది అదే. అధ్యాపక ఉద్యోగాలు ఎంత తక్కువగా పడుతున్నాయో అందరికీ తెలుసు కాబట్టి నాలుగో ఏడాది నాటికి బోధన కాని దారి ఒకటి, డేటా పనో, అనువాదమో, పరిశ్రమలో పరిశోధనో, పరిచయం చేసుకుని ఉండాలి.

పోటీ పరీక్షల కోసం అశోక్‌నగర్‌లో ఉండిపోయేవారు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే వరుసలో నిలబడేవాళ్ల పట్టుదల మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అందుకే ఈ మాట చెప్పాలి. నోటిఫికేషన్ల వాయిదాలు మీ చేతిలో లేవు, ఈ చదువుకు మీరు ఎన్నేళ్లు కేటాయిస్తారన్నది మీ చేతిలోనే ఉంది. చేరేముందే ఒక తేదీ రాసి, ఇంట్లో ఒకరికి చూపించండి. రెండు పూర్తి విడతలు రాశాక, మెయిన్స్ దాకా రాకపోతే, ఏదో ఒక ఉద్యోగంలో ఉంటూ చదవడం మొదలుపెట్టండి. సివిల్స్‌లో జనరల్ అభ్యర్థులకు 32 ఏళ్ల దాకా, ఆరు ప్రయత్నాల దాకా అవకాశం ఉందంటే ఆరూ వాడి తీరాలని కాదు.

ఇంట్లోవాళ్లతో డబ్బు మాట

చేతికొచ్చే అంకె ఎంతో మొదటి నెలలోనే ఇంట్లో చెప్పండి. దాస్తే ఊళ్లో ప్యాకేజీ అంకె ప్రచారమవుతుంది, చెల్లి పెళ్లికో తమ్ముడి ఫీజుకో ఆ అంకె మీద ఆశలు పెట్టుకుంటారు. "నాన్నా, ఖాతాలో పడేది ఇరవై ఎనిమిది వేల ఏడు వందలు. అద్దె, తిండి, లోను పోను నెలకు ఆరు వేలు పంపగలను, ఒకటో తారీఖున పంపుతాను" అని అంకెలతో చెప్పిన మాట తండ్రికి గౌరవంగానే తోస్తుంది. పంపేది తక్కువైనా తేదీ తప్పకుండా పంపండి. ఇంటి అప్పులు ఎంత, ఎవరికి, ఏ వడ్డీకి అన్నది ఆయన్ని కూర్చోబెట్టి అడగండి. మన ఇళ్లలో తండ్రులు ఇది పిల్లలకు చెప్పరు, చెప్పించుకోవాలి.

అమ్మానాన్నల ఆరోగ్య బీమా కూడా ఈ మాటల్లోనే తేల్చుకోండి. కంపెనీ ఇచ్చే బీమా ఉద్యోగం మానేసిన రోజుతో పోతుంది. విడిగా తీసుకునే పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు కాబట్టి, నాన్నకు షుగరు ఉందని దాచకుండా రాసి, ఎంత తొందరగా తీసుకుంటే అంత మంచిది. జీతం 21,000 లోపు ఉన్నవారికి ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా పథకం) వర్తిస్తుంది. తల్లిదండ్రులు మీ మీద ఆధారపడి ఉంటే వారి పేర్లు కూడా నమోదు చేయించండి.

ఒంటరితనం వచ్చే నెలలు

చేరిన కొత్తలో ఉండే సందడి తగ్గాక, మూడో నెల నుంచో నాలుగో నెల నుంచో ఒంటరితనం మొదలవుతుంది. హాస్టల్లో పక్క గదిలో ఉన్న స్నేహితుడు ఇప్పుడు ఎల్బీనగర్‌లో, మీరు గచ్చిబౌలిలో ఉంటారు. రాత్రి షిఫ్టు ఉంటే ఫోన్ కూడా కలవదు. నెలలో ఒక ఆదివారం స్థిరంగా పెట్టుకుని కలవండి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసినా చాలు, ఖర్చు లేని చోటైతే ఉద్యోగం రాని మిత్రుడు కూడా మొహమాటం లేకుండా వస్తాడు. అవసరం పడితే పిలవాల్సిన ఇద్దరి ఫోన్ నంబర్లు, మీ రక్తం గ్రూపు, బీమా కార్డు ఫొటో రూమ్మేటు దగ్గర ఉంచండి, వాళ్లవి మీరు తీసుకోండి.

నిద్ర పట్టకపోవడం, తినాలనిపించకపోవడం, ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తలేకపోవడం రెండు వారాలకు మించి సాగితే డాక్టరును కలవండి. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఏం చెప్పాలో ముందుగా సిద్ధం చేసుకోవలసిన పని లేదు. నిద్ర ఎన్నాళ్లుగా పట్టడం లేదో, ఏం తింటున్నారో, ఇప్పుడు గదిలో ఒక్కరే ఉన్నారా అన్న మూడు సంగతులు చెబితే మిగిలినవి వాళ్లే అడుగుతారు.